అమ్మకి కీళ్లవాతం. ఇమ్యూనిటీ పెంచాలా, తగ్గించాలా? టి కణాలు, మైక్రో ఆర్‌ఎన్‌ఏల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

సిరి, గుంటూరు

నమస్తే అండీ. మాది బ్రాడీపేట. అమ్మకి 52 ఏళ్లు. ధనుర్మాసంలో ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేయడానికి కూర్చుని, చిటికెలో పిండి పట్టలేక లేచి వచ్చేసింది. బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి ఆనట్లేదు. పది దాటాక వేళ్లు మామూలు అయ్యేవి కాబట్టి చలికే అనుకున్నాం. నెల తిరిగేసరికి రెండు మణికట్లూ వాచాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు రెండూ పాజిటివ్ వచ్చాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పి మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ రాశారు.

నా టెన్షన్ ఇదీ. ఈ మాత్ర ఇమ్యూనిటీని అదుపు చేస్తుంది అన్నారు డాక్టరుగారు. మా మేనత్తేమో ఇమ్యూనిటీ తగ్గితేనే కదా జబ్బులొచ్చేది అని, 1,800 పెట్టి ఇమ్యూనిటీ పెంచే పౌడర్ డబ్బా కొనుక్కొచ్చింది. ఇప్పుడు అమ్మ మాత్ర మానేసి పౌడర్ తాగుతానంటోంది. నేను బీకాం చదివి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తుంటాను. సైన్సు పదో తరగతితో సరి. నెట్లో వెతికితే టి కణాలు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అని వస్తోంది, రెండింటికీ నోబెల్ ఇచ్చారట. అమ్మకి నేను కూర్చోబెట్టి చెప్పగలిగేలా ఎవరైనా వివరిస్తారా? మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు ఉంటే ఎంత దూరమైనా తీసుకెళ్తాను.

రాజా, తెనాలి

మీ మేనత్తగారు అన్నదాంట్లో తప్పేముందండీ? కరోనా అప్పుడు అందరం ఇమ్యూనిటీ పెరగాలనే కదా కషాయాలు తాగాం. ఉన్నదాన్ని ఇంకా తగ్గిస్తే జలుబు చేసినా తట్టుకోలేరు. ఒకసారి ఆలోచించండి.

జువాలజీ టీచర్, విజయవాడ

సిరీ, ముందు ఒకటి చెప్తాను. అమ్మగారు మాత్ర మానకూడదు. నేను సత్యనారాయణపురంలో ఉంటాను, డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను. నాకూ ఇదే జబ్బు, 11 ఏళ్లయింది. చాక్‌పీసు పట్టుకోలేక క్లాసులో బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రాజాగారూ, ఈ జబ్బులో ఇమ్యూనిటీ తక్కువై కాదు, దారి తప్పి మన కీళ్ల మీదే పడుతుంది. కీలు లోపలి పొరలో టి కణాలు (ఒకరకం తెల్ల రక్తకణాలు) చేరి మిగతా కణాలను రెచ్చగొడతాయి. ఆ పొర ఉబ్బి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనీ తినేస్తుంది. అలాంటప్పుడు పెంచడం అనే మాటకి అర్థమే లేదు.

టి కణాలు ఛాతీలో థైమస్ అనే గ్రంథిలో తయారవుతాయి. మన ఒంటినే శత్రువు అనుకునేవాటిని చాలావరకు అక్కడే చంపేస్తుంది శరీరం. కొన్ని తప్పించుకుంటాయి. వాటిని బయట అదుపులో పెట్టడానికి వేరే టి కణాలున్నాయని జపాన్‌లో షిమోన్ సకగుచి 1995లో చూపించారు. వాటిని రెగ్యులేటరీ టి కణాలు అంటాం. అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో ఒక జాతి ఎలుకల మీద పనిచేశారు. వాటిలో మగపిల్లలు పుట్టిన కొన్ని వారాలకే సొంత ఇమ్యూనిటీ దాడితో చచ్చిపోయేవి. కారణం ఫాక్స్‌పి3 అనే ఒక్క జన్యువు చెడడం. రెగ్యులేటరీ కణం తయారీకి ఆ జన్యువే ఆధారం. 2025 నోబెల్ ఈ ముగ్గురికీ వచ్చింది. రక్షణ అంటే కొట్టేవాళ్లే కాదు, ఆపేవాళ్లు కూడా అని నేను పిల్లలకి ప్రతి ఏడూ చెప్తాను.

ఇక మైక్రో ఆర్‌ఎన్‌ఏ. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ 1993లో మిల్లీమీటరు పొడవున్న పురుగులో దీన్ని కనిపెట్టారు, 2024 నోబెల్ వాళ్లది. జన్యువు చెప్పిన మాటని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మోసుకొస్తే దాన్నిబట్టి కణం ప్రోటీన్ చేస్తుంది. సుమారు 22 అక్షరాలుండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆ మెసెంజర్ తోక దగ్గర అతుక్కుంటే ప్రోటీన్ తయారీ తగ్గుతుంది. సాధారణంగా పూర్తిగా ఆగదు, తగ్గుతుందంతే. మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. కొన్ని గేట్లు ఒక అడుగు, కొన్ని రెండు అడుగులు ఎత్తి నీటిని సర్దుతారు కదా, ఇదీ అలాగే. ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలాది గేట్ల మీద చెయ్యి వేస్తుంది.

2008లో శాస్త్రవేత్తలు ఎలుకల్లో రెగ్యులేటరీ టి కణాలకి మాత్రమే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తయారుకాకుండా చేశారు. కణాలు పుట్టాయి, కానీ మంటని, అంటే ఇమ్యూనిటీ దాడి వల్ల లోపల వచ్చే వాపుని, ఆపే శక్తి పోయింది, ఎలుకలు సొంత ఇమ్యూనిటీ దాడికే చచ్చిపోయాయి. ఆపే కణానికి కూడా ఈ చిన్న ముక్కలు కావాలన్నమాట. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సిరి, గుంటూరు

మేడమ్, మీరు రాసింది మూడుసార్లు చదివాను. చాక్‌పీసు సంగతి అమ్మకి చదివి వినిపిస్తే, ‘ఆవిడకీ ఉందా, పాపం’ అని చాలాసేపు మాట్లాడలేదు. ఆ కీళ్లని పాడుచేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఏదో తెలిస్తే దాన్ని ఆపేసే మందు ఇవ్వచ్చు కదా?

జువాలజీ టీచర్, విజయవాడ

సరైన ప్రశ్న వేశావమ్మా. అలాంటిది ఒకటి ఉంది, దాన్ని 155 అంటారు. మన జబ్బున్నవాళ్ల కీళ్లలో అది ఎక్కువగా కనిపిస్తుంది. 155 లేకుండా పుట్టించిన ఎలుకలకి కీళ్లవాతం తెప్పించబోతే రాలేదని 2011లో తేలింది. ఇంకేం, ఆపేద్దాం అనిపిస్తుంది. కానీ అవే 155 లేని ఎలుకలకి టీకా వేస్తే సరిగ్గా పనిచేయలేదని 2007లోనే చూశారు. పైగా రెగ్యులేటరీ టి కణాలు పెరగడానికి కూడా 155 సాయం చేస్తుంది. కొట్టేవాడికీ ఆపేవాడికీ ఒకే కూలీ పనిచేస్తుంటే ఒకరి దగ్గరే మాన్పించడం ఎలా? కష్టమంతా అక్కడే.

146ఎ అని ఇంకొకటుంది. మంట పెరగగానే పుట్టి, ఆ మంటని పెంచే ప్రోటీన్లను తగ్గించడం దాని పని. మన జబ్బున్నవాళ్ల రక్తంలో అది ఎక్కువగానే ఉన్నా, అది తగ్గించాల్సిన ప్రోటీన్లు తగ్గట్లేదని 2008లో ఒక పరిశోధనలో కనబడింది. బ్రేకు తొక్కుతున్నా బండి ఆగట్లేదన్నమాట.

కాబట్టి కీళ్లవాతానికి మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు ఈ రోజుకి బజారులో లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనకు. టి కణాల సంగతి తెలిశాక వచ్చిన మందులు మాత్రం ఉన్నాయి. టి కణం రెచ్చిపోవాలంటే ఒక్క సంకేతం చాలదు, రెండోది కూడా అందాలి. అబాటసెప్ట్ అనే మందు ఆ రెండో సంకేతాన్ని ఆపుతుంది. మొదట మాత్రం మెథోట్రెక్సేటే ఇస్తారు, గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మానేస్తానని అమ్మగారు అంటున్నది బహుశా గుణం కోసం ఎదురుచూసే ఈ వారాల్లోనే అయ్యుంటుంది. నేనూ అయిదో వారంలో మానేద్దామనుకున్నాను. ఆ పౌడర్ డబ్బా మీద ఏం రాసుందో డాక్టరుగారికి చూపించు.

మెడికల్ షాపు తమ్ముడు, గవర్నర్‌పేట

అక్కా, ఒక్క మాట. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. వారంలో ఏ రోజో చీటీ మీద డాక్టరుగారి చేతే రాయించుకోండి. మాకు తెలిసిన పెద్దాయన ఒకరు బీపీ మాత్రలాగా రోజూ వేసేసుకున్నారు. నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. రక్తపరీక్ష, లివర్ టెస్టు చెప్పిన తేదీకి మానకుండా చేయించండి. జ్వరం వస్తే ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. రాజాగారు జలుబు గురించి భయపడ్డారు కదా, దానికి చేయాల్సింది ఇదే.

సిరి, గుంటూరు

అందరికీ చాలా థాంక్సండీ. అమ్మకి బ్యారేజీ గేట్ల సంగతి చెప్తే వెంటనే అర్థమైంది, వాళ్ల పుట్టిల్లు బ్యారేజీ పక్కనే ఉన్న సీతానగరం. ‘అంటే నావి గేట్లు ఎత్తేసి ఉన్నాయా’ అంది. క్యాలెండర్లో ఆదివారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాం. ఇప్పటికి నాలుగు మాత్రలయ్యాయి. మేనత్తతో నేనే మాట్లాడతాను, ఆవిడా ప్రేమతోనే తెచ్చింది. మేడమ్, ముగ్గు వేయొద్దని అమ్మని ఆపాలా? రోజూ ప్రయత్నించి ఏడుస్తోంది.

జువాలజీ టీచర్, విజయవాడ

ఆపొద్దు. లేవగానే కాకుండా తొమ్మిదింటికి వేయమను. అంతకుముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులు ఉంచి వేళ్లు మెల్లగా ముడిచి తెరవమను. చుక్కల ముగ్గు వద్దు, గీతల ముగ్గు చాలు. వాపు బాగా ఉన్న రోజు మాత్రం నువ్వే వెయ్యి, ఆవిడ పక్కన కూర్చుని చెప్తారు.