వడ్డీరేటు ఒక్కటే, దెబ్బ మాత్రం రంగానికో తీరు: ఎందువల్ల?

ప్రశ్న:
కేంద్ర బ్యాంకు పెంచే వడ్డీరేటు అన్ని రంగాలకూ ఒక్కటే కదా. అలాంటప్పుడు ఇళ్ల నిర్మాణం, వాహనాల తయారీ త్వరగా మందగించి, ఆహార పదార్థాల ఉత్పత్తి పెద్దగా చలించకపోవడానికి కారణం ఏమిటి? నేను చదివిన పాఠ్యపుస్తకాలు మొత్తం ఉత్పత్తి గురించి చెప్పి ఊరుకున్నాయి.

మొదటి జవాబు:
అప్పు ఎంత కాలానికి చేస్తున్నారన్నది ఇక్కడ కీలకం. 20 ఏళ్ల గృహరుణంపై వడ్డీ 7 నుంచి 9 శాతానికి పెరిగితే నెలవారీ వాయిదా సుమారు 16 శాతం బరువెక్కుతుంది. ముడిసరుకు కోసం మూడు నెలలకు తెచ్చిన అప్పు మీద అదే పెంపు అసలులో అర శాతమే అవుతుంది. పైగా ఇల్లు కొనడం ఏడాది ఆపుకోవచ్చు, భోజనం ఆపుకోలేం. అయితే వ్యవసాయం పూర్తిగా తప్పించుకుంటుందని అనుకోవద్దు. పాల్ వోల్కర్ అధ్యక్షతన అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ ద్రవ్యోల్బణాన్ని అణచడానికి పూనుకుని, 1981లో ఫెడరల్ ఫండ్స్ రేటు (బ్యాంకులు ఒకదానికొకటి ఒక్కరోజుకు ఇచ్చుకునే అప్పుపై వడ్డీ) 20 శాతం దగ్గరకు చేరిన ఆ రోజుల్లో, ఇళ్లు కట్టేవారు నిరసనగా కలప ముక్కలను తపాలాలో పంపగా, భూములకూ యంత్రాలకూ అప్పులు చేసిన రైతులు ట్రాక్టర్లతో ఫెడరల్ రిజర్వ్ కార్యాలయం ఎదుటికే వచ్చారు.

రెండో జవాబు:
పై వివరణ సరైనదే గాని, వడ్డీ భారం దగ్గరే ఆగిపోయింది. ఒకే రంగంలో పెద్ద కంపెనీలు బాండ్లు జారీ చేసో, కూడబెట్టిన లాభాలతోనో నెట్టుకొస్తాయి. బ్యాంకు తప్ప దిక్కులేని చిన్న సంస్థను వడ్డీ భారం కన్నా అప్పు పుట్టకపోవడమే ఎక్కువగా కుంగదీస్తుంది. రేట్లు పెరిగినప్పుడు తాకట్టు పెట్టిన ఆస్తుల విలువ తగ్గి, వాటిపై దొరికే అప్పూ తగ్గుతుంది. ఆర్థికవేత్తలు బెన్ బెర్నాంకీ, మార్క్ గెర్ట్లర్ 1995లో పరపతి మార్గంగా (క్రెడిట్ ఛానల్) చర్చించినది ఇదే. కనుక రంగం పేరు కన్నా అందులోని సంస్థల పరిమాణం చూడడం మేలని నా అభిప్రాయం.

మూడో జవాబు:
ఎగుమతుల సంగతి వేరు. వడ్డీ పెరిగి కరెన్సీ బలపడితే, మన సరుకు విదేశీయులకు ఖరీదెక్కి, అసలు అప్పే లేని ఎగుమతి సంస్థకూ ఆర్డర్లు తగ్గవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. రేటు తగ్గించినప్పుడు ఇవే రంగాలు అంతే వేగంగా కోలుకుంటాయా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఇళ్లూ వాహనాలూ సాధారణంగా ముందు కదులుతాయి. యంత్రాలు తయారుచేసేవారు మాత్రం ఆగక తప్పదు. ఉన్న యంత్రాలే ఖాళీగా పడి ఉన్నప్పుడు, అప్పు ఎంత చౌకగా దొరికినా కొత్తవాటి కోసం ఫ్యాక్టరీలు తొందరపడవు.