వంకర మినారును మళ్ళీ వంకరగానే కట్టాలా? (మోసుల్, అల్-హద్బా)

కొలబద్ద
మోసుల్ పాతబస్తీలో అల్-నూరీ మసీదు మినారును 2017 జూన్ 21న ఐసిస్ వాళ్ళు పేల్చేశారు. దాన్ని అల్-హద్బా అంటారు, అంటే గూనిది. యునెస్కో ఆధ్వర్యంలో మళ్ళీ కట్టారు. 2025 సెప్టెంబర్ 1న ఇరాక్ ప్రధాని ప్రారంభించారు. పేపర్లనిండా ఆశ, శాంతి, పునర్జన్మ. రాసుకోనివ్వండి. నాకు మింగుడుపడనిది ఒక్కటే. పాతది ఒరిగి ఉండేదని కొత్తదాన్నీ ఒరిగించి కట్టారు. ఒరగడం మసీదు కట్టించిన పాలకుడు నూరుద్దీన్ జంగీ కాలపు మేస్త్రీ వేసిన డిజైన్ కాదు. 1172లో నిటారుగానే లేపి ఉంటారు. ఒరుగుడు తర్వాత పట్టిన జబ్బు. జబ్బునీ అచ్చు దించితే అది కళా?

లెక్క: ఎత్తు 45 మీటర్లు, పైకొస పక్కకి జరిగింది దాదాపు రెండున్నర మీటర్లు. అంటే మూడు డిగ్రీలు. ఒకే తీరుగా ఒరిగిందనుకుంటే బరువు కేంద్రం 1.25 మీటర్లు జరుగుతుంది. కింది చతురస్రపు దిమ్మె పక్క 9 మీటర్లు అనుకుందాం. అందులో ఆరో వంతు 1.5. బరువు ఆ గీత దాటితే రెండో వైపు ఇటుక కట్టుబడిలో లాగుడు మొదలవుతుంది. ఇటుక లాగుడు తట్టుకోదు. మార్జిన్ పావు మీటరు. కొత్త కట్టడాన్ని ఎవరైనా కావాలని ఆ అంచున నిలబెడతారా?

సలాలా_సూరి
పీసా టవర్‌ని నిటారుగా నిలబెడితే టిక్కెట్టు ఎవడు కొంటాడు బ్రదర్ 😄

గచ్చుపని
కొలబద్ద గారూ, లెక్క బాగుంది, పట్టుకొచ్చిన కొలతల్లోనే తేడా. ఆ మినారు అడుగునుంచీ కర్రలా ఒరగలేదు. కింద దిమ్మె దాదాపు సరిగానే ఉంది, పైన గుండ్రటి భాగం విల్లులా వంగింది. గూని అన్న పేరే అందుకు. యాత్రికుడు ఇబ్న్ బతూతా చూసిన 14వ శతాబ్దానికే ఆ పేరు ఉంది. పైకి పోయేకొద్దీ సన్నబడే కట్టడంలో బరువు ఎక్కువగా కిందే ఉంటుంది కాబట్టి కేంద్రం సగం జరగదు, ఇంకా తక్కువే. లోపల రెండు మెట్ల వరుసలు ఒకదానికొకటి తగలకుండా చుట్టుకుంటూ పైకి పోతాయి. బోలు కట్టడానికి ఆ సురక్షిత మధ్యభాగం గట్టి దిమ్మె కంటే పెరుగుతుందే తప్ప తగ్గదు. మీ పావు మీటరు అసలుకి అంతకంటే ఎక్కువే.

ఒరగడానికి కారణాలు ఒకటి కాదు: పునాది, గాలి, ఒకవైపే పడే ఎండ. నా దృష్టిలో ముఖ్యమైనది మసాలా, అంటే ఇటుకల్ని అతికించే ముద్ద. మోసుల్ చుట్టుపక్కల సున్నం కంటే జిప్సం చవక. దాన్ని కాల్చి పొడి చేసి వాడతారు, అక్కడి మాటలో జస్స్. నిమిషాల్లో బిగుస్తుంది, పని చకచకా సాగుతుంది. అయితే నీళ్ళకి నెమ్మదిగా కరుగుతుంది. చెమ్మ తగిలిన వైపు ఇటుకల మధ్య కీళ్ళు మెత్తబడి కుంగుతాయి, రెండో వైపు గట్టిగానే ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ళు ఇలా జరిగితే వంగక ఏమవుతుంది.

పాలంపేట_రాజు
మరి సిమెంటు పెడితే పాయె గదా అక్కా. ఇన్ని తిప్పలెందుకు.

గచ్చుపని
అదే తప్పు రాజూ, అందరూ చేసేది. జిప్సంలో సల్ఫేటు ఉంటుంది. సిమెంటులోని అల్యూమినేట్లకి నీళ్ళ సమక్షంలో సల్ఫేటు తగిలితే సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి ఉబ్బుతాయి. పాత జిప్సం ఉన్న మొండి మీద సిమెంటు వేస్తే కొన్నేళ్ళకి లోపలి నుంచి పగులుతుంది. రెండోది, సిమెంటు పాత ఇటుక కంటే గట్టిది. కదలిక వస్తే పగలాల్సింది కీలు, సిమెంటు పెడితే ఇటుక పగులుతుంది. కీలు మళ్ళీ నింపుకోవచ్చు, 12వ శతాబ్దపు ఇటుకని ఎక్కడ తెస్తాం?

ఇలాంటి చోట వాడాల్సింది సున్నం. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో విరియబెట్టి వారాల పాటు ముద్దగా ఉంచాలి, విరియని గింజ ఒక్కటున్నా తర్వాత గోడలో ఉబ్బి పైపొరని ఊడగొడుతుంది. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ళు ఇసుక. చెమ్మ తగిలే చోట ఇసుకలో కొంత తీసేసి సుర్కీ, అంటే మెత్తటి ఇటుక పొడి. కీలు ఒక సెంటీమీటరుకి అటూ ఇటూ. ఇటుకని ముందే తడపాలి, లేదంటే మసాలాలో నీళ్ళు పీల్చేసి కీలు పిండిలా రాలిపోతుంది. మోసుల్ ఎండకాలం 45 డిగ్రీలు. తడి గోనెలు కప్పకుండా వదిలేస్తే సున్నం బిగవదు, ఎండుతుంది. ఎండడం వేరు, బిగవడం వేరు.

కొలబద్ద
మసాలా గురించి నేను అడగలేదు మేడమ్. వంపు గురించి అడిగాను. ఆరో వంతు లెక్క పక్క దిశలో వంగితేనే. మూల వైపు వంగితే ఆ హద్దు 1.06 మీటర్లకి పడిపోతుంది. మరి అది ఏ వైపు వంగింది? దానికి జవాబు చెప్పకుండా గోనెలు, సుర్కీ అంటున్నారు.

తూర్పుగాలి
కొలతల్లో పడి ఊరినే మర్చిపోయారు. 2017 ఏప్రిల్‌లో యుద్ధం ఇంకా నడుస్తుండగానే అమీన్ ముక్‌దాద్ అనే వయొలిన్ కళాకారుడు తూర్పు మోసుల్లో, ఐసిస్ కూల్చిన యూనుస్ నబీ సమాధి దగ్గర కచేరీ చేశాడు. ఊళ్ళో టైగ్రిస్ నది అవతలి గట్టున అప్పటికి ఐసిస్ ఇంకా ఉంది. బాగ్దాద్‌లో కరీం వస్ఫీ 2015లో బాంబు పేలిన చోట్లకి వెళ్ళి చెల్లో వాయించాడు. నాకు ఆశ అంటే అది. ఖర్చు ఒక కుర్చీ. ఇక్కడేమో యూఏఈ ఒక్కటే 2018లో 5.04 కోట్ల డాలర్లు ఇస్తానంది.

సలాలా_సూరి
చెల్లో కచేరీ అయిపోయాక వర్షం పడితే ఎక్కడ తలదాచుకుంటారు అన్నా. కట్టడం కట్టడమే.

తూర్పుగాలి
మినారు కింద కూడా తలదాచుకోరు సూరీ.

గచ్చుపని
తూర్పుగాలి గారూ, ఆ డబ్బు మినారుకొక్కదానికే కాదు. 2019 నుంచి అందులో రెండు చర్చిలు కూడా చేరాయి, అల్-తాహెరా, అల్-సాఆ. రెండోదాన్ని గడియారం చర్చి అంటారు. దానికి ఫ్రాన్స్‌లో పోత పోసిన కొత్త గంటలు 2023లో మోగాయి. యూరోపియన్ యూనియన్ డబ్బుతో పాతబస్తీలో 124 ఇళ్ళు బాగుచేశారు. రాతిపని, వడ్రంగం, ఇటుక పని నేర్చుకున్న ఊరి కుర్రాళ్ళు వెయ్యి మందికి పైనే. కచేరీ అయిపోయాక వినేవాళ్ళు ఇంటికి వెళ్ళిపోతారు. సున్నం కలపడం నేర్చుకున్నవాడికి మర్నాడు కూలి దొరుకుతుంది.

వంపు సంగతికొస్తాను. ముస్లింలలో ఒక కథ ఉంది, ప్రవక్త ఆకాశ మార్గాన పోతుంటే మినారు వంగి నమస్కరించిందని. క్రైస్తవుల కథ వేరు, అర్బిల్ దగ్గరున్న మరియమ్మ సమాధి వైపు వంగిందని. రెండు మతాల వాళ్ళూ తమదని చెప్పుకున్నది ఇటుకల్ని కాదు, ఆ వంపుని. 10,000 దినార్ల నోటు వెనుక ఉన్నదీ ఆ వంపే. నిటారుగా కడితే అది వేరే మినారు.

పాలంపేట_రాజు
హనుమకొండల వెయ్యి స్తంభాల గుడి కల్యాణ మండపం 2006ల ఇప్పిన్రు. మల్ల తెరిచింది 2024ల. రాయికో నంబరేసి, కింద ఇసుక పునాది మల్ల గట్టిజేసి నిలబెట్టిన్రు. అక్కడ కుంగిన నేలను కుంగినట్టే ఉంచలే కదా. సాపు జేసిన్రు.

కొలబద్ద
రాజు బ్రదర్ సరిగ్గా పట్టుకున్నాడు! కాకతీయుల శిల్పి చదునుగా పెట్టాడు, మనవాళ్ళూ చదునుగా పెట్టారు. జబ్బుని కాపీ కొట్టలేదు.

గచ్చుపని
రెండూ ఒకటి కాదండీ. అక్కడ రాళ్ళు ఉన్నాయి, విప్పి మళ్ళీ పేర్చారు. పాత కట్టడాల సంరక్షణ మీద 1964లో రాసుకున్న వెనిస్ ఒప్పందం ఒప్పుకునేది అదొక్కటే, ఉన్న ముక్కల్ని తిరిగి పేర్చడం. మోసుల్లో మిగిలింది దిమ్మె, దాని పైన కొంత మొండి. మిగతాది గుట్ట. ఆ గుట్టని పొక్లెయిన్ పెట్టి ఎత్తలేదు. ముందు పేలని బాంబులు ఏరాలి. 2024 జూన్‌లో కూడా ప్రార్థనా మందిరం దక్షిణపు గోడలో ఐసిస్ దాచిన అయిదు బాంబులు బయటపడ్డాయి, పేలుడు జరిగిన ఏడేళ్ళకి. శిథిలాల్లోంచి చేత్తో ఏరిన పాత ఇటుకలు 45,000 దాకా.

ఏరగానే అయిపోదు. పేలుడు తిన్న ఇటుకలో కంటికి కనపడని వెంట్రుక పగుళ్ళు ఉంటాయి. సుత్తితో తడితే మంచిది ఖంగుమంటుంది, పగిలింది డబడబ అంటుంది. తర్వాత 24 గంటలు నీళ్ళలో నానబెట్టి తూస్తారు. మన దగ్గరి లెక్క ప్రకారం మామూలు ఇటుక అయితే బరువులో అయిదో వంతు కంటే ఎక్కువ నీళ్ళు తాగకూడదు. ఉప్పు తిన్నవాటిని నీళ్ళు మారుస్తూ రోజుల తరబడి ఉంచాలి, లేకపోతే గోడకెక్కాక తెల్లగా పూసి పొరలు పొరలుగా ఊడతాయి. ఇంత చేశాక కూడా పాతవి బరువు మోసే చోట పెట్టకపోవడం మంచిది, నక్షీ కనపడే ముఖం వైపు పెట్టాలి. ఇంత పని చేసి తెచ్చిన ఇటుకల్ని మీ గుండు దారం కోసం నిటారుగా పేర్చమంటారా?

కొలబద్ద
"మీ గుండు దారం" ఏమిటి? సివిల్ వాళ్ళు నోరు విప్పితే చాలు, కళ తెలీని వాళ్ళని ముద్ర. కన్జర్వేషన్ వాళ్ళు ఏం చేసినా సంస్కృతి. అసలు ఆ మసీదులో "పాతది" ఎంత? ప్రార్థనా మందిరం 1940ల్లోనే విప్పి మళ్ళీ కట్టిందేగా. 2020లో పోటీ పెట్టి, వచ్చిన 123 ఎంట్రీల్లోంచి 2021లో ఎనిమిది మంది ఈజిప్టు ఆర్కిటెక్టులకి ఇస్తే ఇరాక్ ఆర్కిటెక్టులే గోల పెట్టారు, ఇది మోసుల్ కాదు గల్ఫ్ షాపింగ్ మాల్ అన్నట్టు. అప్పుడు సంస్కృతి ఎటు పోయింది?

గచ్చుపని
పోటీ మినారుకి కాదు, చుట్టూ ఉన్న ఆవరణకి. అదైనా చదివి రాయండి. రెండున్నర మీటర్ల మీద ఇన్ని పోస్టులు పెట్టారు, ఆ సందుల్లో చనిపోయిన వాళ్ళ గురించి ఒక్క లైను లేదు మీ దగ్గర. మీకు ఆ ఊరు ఒక ఎగ్జామ్ పేపర్.

సలాలా_సూరి
అయ్యో. పాప్‌కార్న్.

కొలబద్ద
వాళ్ళ గురించే రాస్తున్నాను మేడమ్, మీకు కనపడకపోతే నేనేం చేయను.

ఆ మొండి దిమ్మె ఒక సాక్ష్యం. మినారు పేల్చింది ఐసిస్. కానీ చుట్టూ ఉన్న వీధులు నేలమట్టమైంది ఒక్క ఐసిస్ బాంబులతోనే కాదు, విడిపించడానికి వచ్చిన వాళ్ళ విమానాలు, ఫిరంగులు కూడా. కూలిన ఇళ్ళు వేలల్లో, బాగుచేసినవి 124. ముందు నోటు మీద బొమ్మ లేచింది. అది కూడా ఎలా, ఒక్క వెంట్రుక తేడా లేకుండా, అదే గూనితో. పదేళ్ళ తర్వాత వచ్చే వాడు చూస్తాడు, ఫొటో తీసుకుంటాడు, ఇక్కడ ఏమీ జరగలేదనుకుంటాడు. నిటారుగా కట్టి ఉంటే చూసిన ప్రతివాడూ అడిగేవాడు, పేరు గూనిది, మనిషి తిన్నగా ఉన్నాడేమని. ఆ ప్రశ్న మిగలాలి. నా గొడవ మూడు డిగ్రీలది కాదు.

తూర్పుగాలి
ఈ మాట మొదటి పోస్టులో రాసి ఉంటే ఇంత లెక్కలు అక్కర్లేకపోను.

గచ్చుపని
ఇప్పుడు అర్థమైంది. కానీ ఒప్పుకోను.

మీరు చెప్పే ప్రశ్న బయటి నుంచి వచ్చేవాడిది. ఊరి వాడికి గుర్తు చేయడానికి మినారు అక్కర్లేదు. వాడి వీధి ఉంది. 2014 జూలైలో మినారుని కూల్చడానికి వస్తే జనం చేతులు పట్టుకుని అడ్డం నిలబడ్డారని అప్పట్లో వార్తలొచ్చాయి. వాళ్ళు కాపాడుకుంది వంగినదాన్ని. వాళ్ళకి తిన్నగా ఉన్నదాన్ని కట్టి ఇచ్చి, ఇది మీ దుఃఖానికి పాఠం అని చెప్పే హక్కు మనకెక్కడిది? వెనిస్‌లో 1902లో గంటగోపురం కూలితే ఉన్నచోటే ఉన్నట్టే 1912కల్లా లేపారు. బోస్నియాలో మోస్తార్ వంతెన 1993లో కూల్చారు, 2004లో మళ్ళీ తెరిచారు. మోస్తార్‌లో యుద్ధాన్ని ఎవరైనా మర్చిపోయారా?

కొలబద్ద
మోస్తార్‌లో వంతెన వచ్చింది, ఇవాళ్టికీ రెండు గట్ల పిల్లలు చాలా చోట్ల వేర్వేరు పాఠాలు చదువుతున్నారు. రాయి కలిసింది, మనుషులు కలవలేదు. నేను అనేదీ అదే.

గచ్చుపని
మనుషులు కలవలేదని వంతెన కట్టొద్దా?

కొలబద్ద
కట్టొద్దనలేదు. ముందు ఇళ్ళు కట్టమన్నాను.

తూర్పుగాలి
ఇక్కడ మటుకు నేను కొలబద్ద గారి వైపు.

పాలంపేట_రాజు
గది సరే గానీ, ఇప్పుడు కట్టిన వంపు ఇంకింత పెరుగుతుందా లేదా అని ఎట్ల తెలుస్తది? పాతదానికి 1980ల మొదట్ల పునాది కింద సన్న పైల్స్ దించిన్రంట గద.

కొలబద్ద
మంచి ప్రశ్న. కొస దగ్గర, నడుం దగ్గర, దిమ్మె మీద ప్రిజమ్‌లు బిగించి, దూరంగా కదలని నేల మీద వేరే చిన్న దిమ్మె కట్టి, అక్కడి నుంచి టోటల్ స్టేషన్‌తో, అంటే కోణం, దూరం కొలిచే సర్వే పరికరంతో చదవాలి. రీడింగు ఎప్పుడు పడితే అప్పుడు తీసుకుంటే అబద్ధం చెబుతుంది. ఎండ పడిన వైపు ఇటుక రెండో వైపు కంటే పది డిగ్రీలు వేడెక్కిందనుకోండి, గుండ్రటి భాగం 30 మీటర్లు, వ్యాసం 5 మీటర్లు వేసుకుంటే కొస అయిదు మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది, సాయంత్రానికి వెనక్కి వస్తుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు ఒరుగుతోందా అని చూసేవాడికి ఈ అయిదు చాలు తప్పుదారి పట్టడానికి. ప్రతిసారీ ఒకే గంటకి, గాలి లేనప్పుడు.

గచ్చుపని
తెల్లవారుజామునా?

కొలబద్ద
ఎండ పొడ తగలక ముందు. ఫజర్ నమాజుకి పిలుపు వచ్చే వేళకి ట్రైపాడ్ పెట్టుకుని కూర్చోవాలి. మూల వైపు లెక్క కూడా మళ్ళీ వేశాను మేడమ్, సన్నబడడాన్ని కలుపుకుంటే 1.06 లోపలే ఉంది. మీరన్నది కరెక్టే.