'సైలెన్స్' నవలలో ఉత్తరాలు మధ్యలోనే ఎందుకు ఆగిపోతాయి?

షుసాకు ఎండో 1966లో రాసిన 'సైలెన్స్' నిన్న రాత్రి రెండోసారి పూర్తి చేశాను. 17వ శతాబ్దపు జపాన్, క్రైస్తవం మీద నిషేధం. తన గురువు ఫెరీరా మతం వదిలేశాడంటే నమ్మలేక, జెసూట్ పాద్రీ రోడ్రిగ్స్ దొంగచాటుగా అక్కడికి వెళ్తాడు. నాలుగో అధ్యాయం దాకా అతని ఉత్తరాలే. అప్పటిదాకా 'నేను' అంటూ మాట్లాడిన మనిషి ఐదో అధ్యాయంలో ఉన్నట్టుండి 'అతను' అయిపోతాడు. ఆఖర్న ఒక అధికారి డైరీ, అంతే.

అమ్మ మంచాన పడ్డప్పుడు నేనూ నెలల తరబడి ప్రార్థించాను. ఏ జవాబూ రాలేదు. అందుకే ఆ చివరి అధ్యాయాల్లో అతని మాట అతని నోటే వినాలనిపించింది. సరిగ్గా అక్కడే రచయిత దాన్ని ఎందుకు ఆపేశాడు?

కాగితంపడవ:
పట్టుబడ్డాక ఉత్తరం ఎవరిచేత పంపుతాడండీ? కథాపరంగా అది సరిపోతుంది. కానీ అదొక్కటే కారణం కాదనుకుంటాను.

నిశాచరి:
జైలు గదిలో గురక వినబడే రాత్రి గుర్తుందా? కాపలావాడు హాయిగా నిద్రపోతున్నాడనుకుని రోడ్రిగ్స్ నవ్వుకుంటాడు. అది గురక కాదనీ, గోతిలో తలకిందులుగా వేలాడదీసిన క్రైస్తవుల మూలుగనీ ఫెరీరా వచ్చి చెప్తాడు. వాళ్లు ఎప్పుడో మతం వదిలేశామన్నారు. అయినా తానూ మతం వదిలేసినట్టు గుర్తుగా రోడ్రిగ్స్ క్రీస్తు బొమ్మను తొక్కేదాకా వాళ్లను దించరు.

ఉత్తరమనేది అంతా జరిగిపోయాక రాసేది. అందులోనైతే అతనికి నిజం ముందే తెలిసిపోయి ఉంటుంది. ఇక్కడ మనమూ గురకే అనుకుంటాం, అతనితోపాటే పొరబడతాం. నాకైతే నవల మొత్తం ఆ ఒక్క పొరపాటు మీదే నిలబడింది.

డైరీ మాత్రం దాటేయకండి. మతం వదిలేసిన రోడ్రిగ్స్‌కి అప్పటికి ఒకాడా సాన్‌యెమోన్ అని జపాన్ పేరు పెట్టేశారు. మతాన్ని కాదంటూ అతను పత్రం రాస్తున్నాడని అందులో ఒక పొడి వాక్యం ఉంటుంది. ఎన్నో ఏళ్ల కిందటే వదిలేసినవాడితో మళ్లీ ఎందుకు రాయించాల్సి వచ్చింది?

ప్రశ్న అడిగినవారు:
డైరీని రెండుసార్లూ పైపైనే చూశాను, ఇవాళ మళ్లీ చదువుతాను. గురక సంగతి మాత్రం మర్చిపోలేదు. అమ్మ పక్కన పడుకున్న ఒక రాత్రి ఆమె మూలుగుని నేనూ గురకే అనుకున్నాను. నిద్ర పట్టిందిలే అని లైటు తీసేశాను. మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ దగ్గరే పుస్తకం మూసేశాను. మళ్లీ తెరవడానికి నాలుగు నెలలు పట్టింది.