ప్యాకార్డ్ మెర్లిన్ ఇంజిన్‌లోకి పోటీ కంపెనీ బేరింగు పూత ఎలా వచ్చింది?

క్రాంక్‌షాఫ్ట్_బెజవాడ:
బ్రిటన్‌లోని రోల్స్ రాయిస్ వాళ్ల మెర్లిన్ విమాన ఇంజిన్‌ని అమెరికాలో తయారు చేయడానికి 1940 సెప్టెంబరులో అక్కడి కార్ల కంపెనీ ప్యాకార్డ్ ఒప్పందం చేసుకుంది కదా. మెయిన్ బేరింగుల్లో (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్‌ని పట్టుకుని తిరగనిచ్చేవి) బ్రిటిష్ వాళ్ల రాగి మిశ్రమం తీసేసి వెండి, సీసం పెట్టి, పైన ఇండియం అనే మెత్తని లోహం పూత వేశారు. ఆ పూతని అభివృద్ధి చేసింది జనరల్ మోటార్స్ (జీఎం)లోని పాంటియాక్ విభాగం! ఖరీదైన కార్లలో ప్యాకార్డ్‌కి జీఎం వాళ్ల క్యాడిలాక్ నేరుగా పోటీ, మరి ఎలా ఇచ్చారు? అసలు ఒక బేరింగుకి మూడు లోహాలెందుకు?

లోహశాస్త్రం_వరంగల్:
మూడూ కావాలి, ఎందుకంటే ఒకదాని లోపాన్ని దానిపైది కప్పుతుంది. వెండి పెద్ద లోడు మోస్తుంది, తొందరగా పగుళ్లు రావు, వేడిని బాగా లాగేస్తుంది, కానీ ఆయిల్ పొర తెగిందంటే ఉక్కు షాఫ్ట్‌ని పట్టేస్తుంది. అందుకే పైన పలుచగా సీసం. సీసం మెత్తన, చిన్న చిన్న నలుసులు అందులో దిగబడిపోతాయి, షాఫ్ట్ మీద గీతలు పడవు. అయితే ఆ రోజుల్లో ఆయిల్ వేడెక్కి పాడైతే ఆమ్లాలు పుట్టి సీసాన్ని తినేసేవి. ఇండియం పూసి వేడి చేస్తే అది సీసంలోకి ఇంకిపోయి ఆ తినివేతను ఆపుతుంది. పైగా కొత్త ఇంజిన్‌లో బేరింగు షాఫ్ట్‌కి తొందరగా సర్దుకుంటుంది.

పాతకార్లు_డెట్రాయిట్:
ఎలా ఇచ్చారంటే, అప్పటికి పరిస్థితే వేరు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942 ఫిబ్రవరి నుంచి మామూలు జనానికి కార్లు తయారు చేయడమే ఆగిపోయింది, అందరి సరుకూ కొనేది ప్రభుత్వమే. కార్ల కంపెనీలన్నీ కలిసి యుద్ధ ఉత్పత్తి కోసం ఒక మండలి పెట్టుకున్నాయి, దాని అధ్యక్షుడు ప్యాకార్డ్ పెద్ద ఆల్వన్ మెకాలే. పోటీదారులు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు దొరికింది, నా దృష్టిలో అదే అసలు సంగతి. ఇంకోటి, పొరల వివరం చెప్పినంత మాత్రాన అవతలివాడికి బేరింగు రాదండీ, పూత తొట్టిని రోజూ అదుపులో ఉంచడం, అంతటా ఒకే మందం తేవడం వాళ్లు సొంతంగా నేర్చుకోవాల్సిందే.

డీజిల్_గుత్తి:
వెండి బేరింగు మ్యూజియంకి పోయిందనుకోకండి. మన రైల్వే డబ్ల్యూడీజీ4 డీజిల్ లోకోల్లో ఉండే ఈఎండీ (అమెరికా లోకో కంపెనీ) రకం ఇంజిన్లలో పిస్టన్ పిన్ను దగ్గర వెండి వాడారు, అందుకే వీటికి జింక్ లేని ఆయిలే పోయాలి. లారీల ఆయిల్‌లో అరుగుదల తగ్గడానికి వేసే జింక్ మందు వెండిని పాడు చేస్తుంది. ఈ మాట ఇంజిన్ కంపెనీ దాచుకుని ఉంటే నష్టం దానికే, ఒకరితో ఒకరు పోటీపడే ఆయిల్ కంపెనీలన్నిటికీ తెలిస్తేనే ఇంజిన్ నిలబడుతుంది.

క్రాంక్‌షాఫ్ట్_బెజవాడ:
చాలా థాంక్స్ అన్నా. మరి ఇప్పుడు? వేరే కంపెనీలో ఉన్న ఫ్రెండ్ బేరింగు ఫెయిల్యూర్ ఫొటో పంపి అడిగితే చెప్పొచ్చా?

లోహశాస్త్రం_వరంగల్:
ఫొటో చూసి అలసట పగుళ్లా, తుప్పా, మురికా అన్నది నిశ్చింతగా చెప్పు తమ్ముడూ, ఆ డ్యామేజీల వర్గీకరణ ఐఎస్ఓ 7146 అనే అంతర్జాతీయ ప్రమాణంలో అందరికీ ఉన్నదే. మీ డ్రాయింగులు, టెస్ట్ డేటా, సప్లయర్ రేట్లు మాత్రం బయటికి వెళ్లకూడదు. ఆ ఫొటో పంపడానికి అతనికి వాళ్ల ఆఫీసులో అనుమతి ఉందో లేదో ముందు అడుగు.