చర్చ: ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి బడి సస్పెండ్ చేయవచ్చా?

బాబు వాళ్లమ్మ:
మా బాబుకు ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. మాటలు బాగానే వస్తాయి, కంగారుపడితే మాత్రం ఒక్క ముక్క కూడా పెగలదు. మొన్న బెల్ మోగగానే చెవులు మూసుకుని లైన్‌లోంచి పక్కకు వెళ్లాడట. టీచర్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగితే కొరికేశాడు. మూడు రోజులు సస్పెండ్ చేశారు. ఇది మొదటిసారి కాదు. అడిగితే “రూల్ అందరికీ ఒకటే” అన్నారు ప్రిన్సిపాల్. ఆ టీచర్‌ను తలుచుకుంటే నాకూ బాధగానే ఉంది. కానీ మూడు రోజులు ఇంట్లో కూర్చుంటే వీడికి ఏం తెలిసొస్తుంది? మీరేమంటారు?

క్లాస్ టీచర్:
అమ్మా, మీ బాధ అర్థమవుతుంది. నా వైపు నుంచి కూడా చూడండి. క్లాసులో ముప్పైమందికి పైగా ఉంటారు, నేను ఒక్కదాన్నే. ఒక పిల్లవాడు కుర్చీ విసిరితే మిగతావాళ్లను బయటికి పంపాలా, వాణ్ణి చూసుకోవాలా? దెబ్బ తగిలిన పిల్ల మర్నాడు బడికి రానని ఏడుస్తుంది, వాళ్ల నాన్న వచ్చి నన్ను నిలదీస్తాడు. “ఆటిజం కదా, సర్దుకోండి” అంటే ఆయన ఊరుకుంటాడా? ఆ రెండు మూడు రోజులైనా క్లాసు కుదుటపడుతుంది. సస్పెన్షన్ వద్దనేవాళ్లు, దాని బదులు ఏం చేయాలో కూడా చెప్పాలి.

స్పెషల్ ఎడ్యుకేటర్:
టీచర్ గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. మిగతా పిల్లల భద్రత విషయంలో రాజీ ఉండకూడదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి పిల్లల విషయంలో సస్పెన్షన్ తరచుగా ఆ భద్రతనే దెబ్బతీస్తుంది. బెల్, తోపులాట, అరుపుల నుంచి ఎలాగైనా బయటపడాలని వాడి ఒళ్లంతా కొట్టుకుంటోంది. కొరికాడు, ఇంటికి పంపారు. అంటే కోరుకున్నదే దొరికింది. వాడు కావాలని ఎత్తు వేశాడని అనడం లేదు. కానీ నోరు పెగలని పిల్లవాడికి ఏ పని చేస్తే బయటపడొచ్చో మనమే నేర్పినట్టవుతుంది. శబ్దం, వెలుతురు, స్పర్శ లాంటివాటికి అతిగా స్పందించడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే అమెరికా పుస్తకం) ఆటిజం లక్షణాల్లోనే చేర్చింది. దీన్ని మొండితనంగా చూస్తే ఏ శిక్షా పనిచేయదు.

ఇక బదులు ఏం చేయాలంటారా? ముందు ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. బాబు వాళ్లమ్మ రాసిన సంఘటననే తీసుకుందాం. మొదటి గడిలో “బెల్ మోగింది, లైన్ వదిలాడు, చెయ్యి పట్టి లాగారు” అని పడుతుంది. రెండో గడిలో “కొరికాడు”, మూడో గడిలో “ఇంటికి పంపాం”. బడి రికార్డులో సాధారణంగా మధ్య గడి ఒక్కటే ఉంటుంది. కొన్ని వారాలు ఇలా రాస్తే ఏ సమయంలో, ఏ చోట, ఎవరు ఏం చేస్తే గొడవ మొదలవుతోందో బయటపడుతుంది. అప్పుడు బెల్‌కు కాస్త ముందే వాణ్ణి బయటకు తీసుకెళ్లడం, “బ్రేక్ కావాలి” అని చూపించే కార్డు ఇవ్వడం, కార్డు చూపిన వెంటనే నిజంగా పంపడం మొదలుపెట్టొచ్చు. కార్డు చూపినా “ఆగు, ఇది పూర్తిచెయ్” అంటే ఇక దాన్ని నమ్మడు. అప్పటికే అదుపు తప్పితే మిగతా పిల్లల్ని దూరం జరపాలి, మాటలు తగ్గించాలి, ప్రమాదం లేకపోతే ముట్టుకోకూడదు. ప్రశాంతమైన గది ఉంటే మంచిదే, తలుపు గడియ పెట్టి బంధించడానికి మాత్రం కాదు.

చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది. అమెరికాలో ప్రత్యేక విద్య పొందే పిల్లల్ని వరుసగా 10 బడి రోజులకు మించి దూరం పెట్టాలంటే, ఆ ప్రవర్తనకు వైకల్యమే కారణమా అన్నది తల్లిదండ్రులతో కూర్చుని తేల్చాలి. అవునని తేలితే ఆయుధాలు, డ్రగ్స్, తీవ్ర గాయం లాంటి సందర్భాల్లో తప్ప, సాధారణంగా పాత క్లాసుకే తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో 2018లో ఒక ట్రిబ్యునల్, వైకల్యం వల్ల దూకుడుగా ప్రవర్తించే పిల్లలకూ 2010 సమానత్వ చట్టం రక్షణ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. భారత్‌లో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బడి తగిన సర్దుబాట్లు చేయాలని చెబుతుంది. ప్రిన్సిపాల్ గారు రూల్ అంటున్నారు కదా, ఇవీ రూల్సే.

క్లాస్ టీచర్:
కార్డు సంగతి బాగుంది. కానీ వాడితో పాటు బయటకు ఎవరు వెళ్లాలి? నేను వెళ్తే క్లాసు ఎవరు చూస్తారు? ఇవన్నీ చేయమని చెప్పేవాళ్లు ఇంకో మనిషిని మాత్రం ఇవ్వరు.

ఆటిజం ఉన్న పెద్దవాడు:
చిన్నప్పుడు నన్నూ బడి నుంచి పంపేసేవారు. ఎందుకు పంపారో నాకు అర్థమయ్యేది కాదు. తిరిగొచ్చాక అందరూ నన్నే చూడటం, నా పక్క బెంచీ ఖాళీగా ఉండటం మాత్రం గుర్తుంది. తిరిగి వెళ్లే రోజే నాకు అన్నిటికంటే టెన్షన్. ఆ రోజు ఎవరు ఎదురొస్తారో, ఎక్కడ కూర్చోవాలో ముందే చెప్పి ఉంటే చాలా తేడా ఉండేది.

స్పెషల్ ఎడ్యుకేటర్:
టీచర్ గారూ, ఆ మనిషిని అడగాల్సింది మీరు, ఈ అమ్మ కలిసి. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి ఇస్తే యాజమాన్యం పక్కన పెట్టడం కష్టం. అమ్మా, ఒక్క మాట. “వచ్చి తీసుకెళ్లండి” అని ఫోన్ చేసి పంపేసినవి కూడా సస్పెన్షన్లే, లెక్కలోకి రావు అంతే. ప్రతిసారీ తేదీ, కారణం రాసి ఇమ్మని అడగండి.

బాబు వాళ్లమ్మ:
ఫోన్ చేసి పంపేసినవాటిని నేను లెక్కపెట్టనే లేదు. గురువారం వాడు తిరిగి వెళ్లాలి. బుధవారమే మీటింగ్ పెట్టమని ఇప్పుడే మెయిల్ రాస్తున్నాను. బెల్ సమయంలో తోడు, బ్రేక్ కార్డు, మూడు గళ్ల కాగితం, ఈ మూడే అడుగుతున్నాను. వాడు కొరికిన టీచర్‌ను కూడా మీటింగ్‌కు పిలవమని రాశాను. ఆమె చెయ్యి ఎలా ఉందో ముందు కనుక్కోవాలి.