డిసెంబర్‌లో పిల్లలతో రేక్యావిక్: కొన్ని సందేహాలు

ప్రశ్న: ఐస్‌లాండ్‌లో గుట్టల్లో కనిపించని మనుషులుంటారని నిజంగానే నమ్ముతారా? ఇంకోటి, అక్కడి స్విమ్మింగ్ పూల్ రూల్స్ విని మా ఆవిడకి టెన్షన్‌గా ఉంది.

జవాబు: నేనిక్కడే ఉంటాను. నమ్ముతారా అంటే నవ్వేస్తారు, లేరని మాత్రం గట్టిగా అనరు. రేక్యావిక్ పక్క ఊరు కోపవోగుర్‌లో అలాంటి గుట్ట ఒకటుంది, దాని దగ్గర రోడ్డే సన్నబడుతుంది.

పిల్లలకి అసలు సరదా వేరే. ఇక్కడి క్రిస్మస్ కథల ప్రకారం డిసెంబర్ 12 నుంచి 24 దాకా రోజుకొకడు చొప్పున 13 మంది కొంటె అన్నదమ్ములు కొండ దిగొస్తారు. ఒకడు తలుపులు ధడేల్‌మని వేస్తాడు, ఒకడు చెంచాలు నాకుతాడు, ఇంకొకడు సాసేజ్‌లు కాజేస్తాడు. రాత్రి కిటికీలో బూటు పెట్టించండి. బుద్ధిగా ఉంటే చిన్న బహుమతి, అల్లరి చేస్తే కుళ్లిన బంగాళాదుంప! మా వాడికి ఓసారి అదే దక్కింది, ఆ వారమంతా ఇల్లు ప్రశాంతం.

మరొకరు: పండక్కి కొత్త బట్టలు మర్చిపోకండి. లేనివాళ్లని పెద్ద పిల్లి మింగేస్తుందట!

ప్రశ్న అడిగినవారు: పూల్ సంగతి చెప్పలేదండీ.

జవాబు: బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాల్సిందే, స్విమ్‌సూట్ ఆ తర్వాతే. ఆడవాళ్ల గదులు వేరు. ఎవరూ పట్టించుకోరు, స్నానం ఎగ్గొడితే తప్ప.