కారు కెమెరా రికార్డింగులకూ పాటలకూ ఒకే పెన్ డ్రైవ్ సరిపోతుందా?

ప్రశ్న:

నమస్కారం. నా కారుకు కంపెనీవారే అమర్చిన కెమెరాలు నాలుగు ఉన్నాయి. బండి నడుస్తున్నప్పుడూ, తాళం వేసి నిలిపి ఉంచినప్పుడూ అవి తీసే దృశ్యాలన్నీ యూఎస్‌బీ పోర్టుకు పెట్టిన 64 జీబీ పెన్ డ్రైవులోకి వెళతాయి. పాటలూ అందులోనే పెట్టుకున్నాను. గత వారం నిలిపి ఉంచిన కారు వెనుక తలుపు మీద ఎవరో మూరెడు పొడవున గీత గీసి వెళ్లారు. డ్రైవును ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే ఆ రోజు ఫైళ్ల పేర్లు కనిపించాయి గాని పరిమాణం సున్నా బైట్లు. పాటలు మాత్రం చక్కగా మోగుతున్నందువల్ల డ్రైవ్ బాగానే ఉందనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఎంత సామర్థ్యం ఉన్నది, ఏ రకానిది కొనాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు:

పాటలు మోగుతున్నాయి కదా అని డ్రైవ్ బాగుందనుకోవడానికి లేదు. పాట వినడమంటే డ్రైవులో ఉన్నదాన్ని చదవడమే. దానివల్ల అరుగుదల దాదాపు ఉండదు. రికార్డింగు అంటే ఎడతెగకుండా రాయడం, నిండాక పాతది చెరిపి మళ్లీ రాయడం. పెన్ డ్రైవుల్లో ఉండే ఫ్లాష్ మెమరీ అనే చిప్పులోని ప్రతి గడినీ ఇన్నిసార్లు మాత్రమే చెరిపి రాయగలం, ఆ తరువాత అది రాతను నిలుపుకోలేదు.

ఒక లెక్క చూడండి. టెస్లా తన కార్ల కోసం కనీసం 64 జీబీ సామర్థ్యం, సెకనుకు 4 మెగాబైట్ల నిలకడైన రాత వేగం ఉన్న డ్రైవ్ వాడమంటుంది. ఆ వేగంతోనే రాస్తే గంటకు 14.4 జీబీ, రోజుకు పది గంటలు రికార్డింగు నడిస్తే 144 జీబీ అవుతుంది. అంటే మీ 64 జీబీ డ్రైవ్ రోజుకు రెండుసార్లకు పైగా, ఏడాదికి దాదాపు 820 సార్లు నిండి చెరిగినట్లు. అదే 256 జీబీ అయితే ఏడాదికి 205 సార్లే. సామర్థ్యం పెంచుకునేది ఎక్కువ రోజుల దృశ్యాలు దాచుకోవడానికని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో డ్రైవ్ ఆయుష్షు పెరగడమే అసలు లాభం.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వేగం సాధారణంగా చదివే వేగం, దాన్ని చూసి మోసపోవద్దు. నిఘా కెమెరాల కోసమే చేసిన, ‘హై ఎండ్యూరెన్స్’ (ఎక్కువసార్లు చెరిపి రాయడాన్ని తట్టుకునేది) అని రాసి ఉండే మైక్రో ఎస్‌డీ కార్డును మంచి కార్డు రీడరులో పెట్టి వాడమని నా సలహా. ఎండలో నిలిపిన కారు లోపలి వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మామూలు పెన్ డ్రైవుల్లో చాలావాటికి 45 నుంచి 60 డిగ్రీలే పై హద్దు, ఈ కార్డుల్లో చాలావాటికి 85 డిగ్రీలు. పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ (కంప్యూటరు డిస్కులా పనిచేసే చిన్న బయటి డ్రైవ్) అరుగుదలను బాగా తట్టుకుంటుంది గాని, వేడి విషయంలో అది పెన్ డ్రైవు కంటే మెరుగని అనుకోకండి.

మరొక జవాబు:

పై మాటలతో ఏకీభవిస్తాను, కాని సున్నా బైట్లకు మరో కారణం కూడా ఉండవచ్చు. రికార్డింగు ఆపకుండా డ్రైవును లాగేస్తే, అప్పుడు రాస్తున్న ఫైలు సరిగా ముగియక ఖాళీగా మిగిలిపోతుంది. చివరి నిమిషానిది ఒక్కటే ఖాళీగా ఉందా, రోజంతా అలాగే ఉందా చూడండి. మొదటిదైతే తీసిన తీరులో లోపం, రెండోదైతే డ్రైవే చెడింది.

పాటలను వేరే డ్రైవులో పెట్టుకోవడం మేలు. ఒకే డ్రైవును పార్టిషన్ చేస్తే, అంటే భాగాలుగా విడదీస్తే, చూడటానికి రెండుగా కనిపిస్తుందేగాని లోపలి చిప్పు ఒక్కటే, అది పోతే రెండూ పోతాయి. పైగా కొన్ని కార్లు మొదటి పార్టిషన్‌నే గుర్తిస్తాయి. 320 కేబీపీఎస్ నాణ్యతలో ఐదు నిమిషాల పాట 12 మెగాబైట్లు, కాబట్టి 32 జీబీలో 2,600కు పైగా పాటలు పడతాయి. రికార్డింగు డ్రైవును మీ కారు పుస్తకంలో చెప్పిన పద్ధతిలోనే ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ రకాల్లో ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ పనికొస్తుంది, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చాలా కార్లు చదవవు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చూశాను. చివరిది ఒక్కటే కాదు, అంతకు ముందు తొమ్మిది రోజుల ఫైళ్లూ ఖాళీగానే ఉన్నాయి. పాటలను కాపీ చేసుకుని, డ్రైవును ఫార్మాట్ చేసి డ్రైవునంతా నింపి తిరిగి చదివి చూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేరుతో పరీక్షిస్తే సగం నిండాక తప్పులు చూపింది. రికార్డింగుకు 256 జీబీ ఎండ్యూరెన్స్ కార్డు, పాటలకు ఇంట్లో ఉన్న 32 జీబీ పెన్ డ్రైవ్ పెట్టాలని నిర్ణయించుకున్నాను.

మొదటి జవాబు ఇచ్చినవారు:

మంచి నిర్ణయం. కొత్త కార్డును కారులో పెట్టేముందు అదే పరీక్ష దానిమీదా చేయండి, ఎందుకంటే లేని సామర్థ్యాన్ని ఉన్నట్లు చూపే నకిలీ కార్డులు దానితోనే బయటపడతాయి. ఆ తరువాత నెలకోసారి ఏదో ఒక రోజు ఫైలును తెరిచి, నాలుగు కెమెరాల దృశ్యాలూ చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూసుకోండి.